మాస్టారు చెప్పిన డస్టర్ కథ

సావనీరుకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు ఫోన్ చేసినప్పుడు, బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, నేను ఒక మనిషి జీవితం గురించి రాస్తానని చెప్పాను. ఆ మనిషి మన బడిలో చదవలేదు, మన దేశంవాడూ కాదు. చనిపోయి 190 ఏళ్లు దాటింది. అయినా పదో తరగతిలో పొద్దున్నే ఎక్స్‌ట్రా క్లాసులకు కూర్చున్న మా బ్యాచ్ వాళ్లందరికీ అతని పేరు తెలుసు. లెక్కల మాస్టారు ఆ పేరు బోర్డు మీద ఇంగ్లీషులో రాస్తే మేం గాలోయిస్ అని చదివాం. ఫ్రెంచివాళ్లు గాల్వా అంటారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. పూర్తి పేరు ఎవరిస్ట్ గాల్వా.

ఆ క్లాసులు రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ ప్రవేశ పరీక్ష కోసం. రోజుకు ఇరవై సూక్ష్మీకరణలు, ఇరవై కారణాంక విభజనలు. ఉమ్మడి పదాన్ని బయటికి తీయడం, మధ్య పదాన్ని రెండుగా విడగొట్టడం, ఎక్స్ పవర్ ఫోర్ ప్లస్ ఫోర్ లాంటివి వస్తే ఫోర్ ఎక్స్ స్క్వేర్ కలిపి, మళ్లీ అదే తీసేసి, రెండు వర్గాల భేదంగా మార్చడం. నేను లెక్క మనసులో చేసేసి జవాబు ఒక్కటే రాసేవాణ్ణి. స్టెప్పులు లేని జవాబుకు మాస్టారు సున్నా వేసేవారు. అలా నాకు సున్నా వచ్చిన ఒక రోజునే క్లాసులో ఈ గాల్వా కథ చెప్పారు. బీజగణితంలో అంతటివాడు లేడు, అయినా కాలేజీ ప్రవేశ పరీక్ష రెండుసార్లు తప్పాడు, రెండోసారి అడిగిన ప్రశ్న మరీ చిన్నదని ఒళ్లు మండి చేతిలోని డస్టర్ ఎగ్జామినర్ ముఖాన విసిరాడు. అదీ కథ.

ఆ వేసవిలో ప్రవేశ పరీక్ష నేనూ తప్పాను. మాస్టారు ఏ ఉద్దేశంతో చెప్పారో గానీ, నేను తీసుకున్నది మాత్రం డస్టరే. తెలివైనవాళ్లను పరీక్షలు గుర్తుపట్టలేవు అనే మాటను నా ఓటమికి దుప్పటిలా కప్పుకుని రెండు మూడేళ్లు తిరిగాను. ఉద్యోగంలో చేరి, సమాచార ప్రసారంలో దొర్లే తప్పులను దిద్దే కోడ్‌లతో పని పడినప్పుడు గాల్వా పేరు మళ్లీ ఎదురైంది. అప్పుడు కూర్చుని అతని జీవితం సరిగ్గా చదివాను. మాస్టారు చెప్పిన కథ కంటే అసలు కథ వేరుగా ఉంది, బరువుగా కూడా ఉంది.

గాల్వా 1811 అక్టోబరు 25న పారిస్‌కు దక్షిణాన బూర్-లా-రెన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి నికొలా-గాబ్రియేల్ అక్కడ బడి నడిపేవాడు. 1815 నుంచి ఆ ఊరికి మేయరు కూడా. నలుగురితో సరదాగా ఉంటూ చిన్న చిన్న పద్యాలు కట్టే మనిషి, రాజరికమంటే గిట్టనివాడు. తల్లికి లాటిన్, గ్రీకు బాగా వచ్చు. పన్నెండో ఏడు వచ్చేదాకా కొడుక్కి ఆవిడే ఇంట్లో చదువు చెప్పింది. 1823లో పారిస్‌లోని లూయీ-ల-గ్రాన్ అనే పేరున్న హాస్టల్ బడిలో చేర్చారు. చేరిన కొద్ది నెలలకే అక్కడ పిల్లలు హెడ్మాస్టరు మీద తిరగబడితే నలభై మంది దాకా బయటికి పంపేశారు. ఆ జాబితాలో గాల్వా లేడు, కానీ పన్నెండేళ్ల పిల్లవాడు అదంతా కళ్లారా చూశాడు.

మొదట్లో బాగానే చదివాడు, బహుమతులు కూడా తెచ్చుకున్నాడు. తర్వాత సాహిత్య పాఠాల మీద మనసు పోయింది. 1827 మొదట్లో పై క్లాసు నుంచి కింది క్లాసుకు దింపారు. చదివిన పాఠాలే మళ్లీ వినాల్సి వచ్చిన ఆ ఏడాదిలోనే వెర్నియే అనే ఉపాధ్యాయుడి లెక్కల క్లాసులో చేరాడు. దాంతో జీవితం తిరిగిపోయింది. లెజాండ్ర్ రాసిన జ్యామితి పుస్తకాన్ని నవల చదివినట్టు చదివేశాడంటారు. బీజగణితానికి వచ్చేసరికి బడి పుస్తకాలు రుచించలేదు, నేరుగా లెగ్రాంజ్ రాసిన అసలు పరిశోధన పత్రాలకే వెళ్లాడు. అప్పటికి పదిహేనేళ్లు. వెర్నియే మాత్రం తన నివేదికల్లో పిల్లవాడు తెలివైనవాడే గానీ పద్ధతి లేదని రాస్తూ వచ్చాడు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. దేశమేదైనా, శతాబ్దమేదైనా లెక్కల మాస్టార్ల ఫిర్యాదు ఒక్కటే.

లెగ్రాంజ్ పత్రాల్లో ఏముందో కాస్త చెప్పాలి. మనం బడిలో చేసిన కారణాంక విభజన, సమీకరణం సాధించడం నిజానికి ఒకే పని. ఎక్స్ స్క్వేర్ మైనస్ ఫైవ్ ఎక్స్ ప్లస్ సిక్స్‌ను ఎక్స్ మైనస్ టూ, ఎక్స్ మైనస్ త్రీ అని విడగొడితే మూలాలు రెండూ, మూడూ అని తేలిపోతుంది. వర్గ సమీకరణాలకు సూత్రం ప్రాచీన కాలం నుంచీ ఉంది. మూడో ఘాతానికీ నాలుగో ఘాతానికీ ఇటలీవాళ్లు సూత్రాలు కనుక్కున్నారు, 1545లో కార్డానో పుస్తకంలో అవి అచ్చయ్యాయి. ఐదో ఘాతం దగ్గర బండి ఆగిపోయింది. రెండు వందల ఏళ్లు దాటినా ఎవరికీ సూత్రం దొరకలేదు. 1770 ప్రాంతంలో లెగ్రాంజ్ ప్రశ్నను మార్చాడు. కొత్త సూత్రం కోసం వెతకడం ఆపి, పాత సూత్రాలు ఎందుకు పనిచేస్తున్నాయో చూశాడు. ఆ రహస్యం మూలాలను ఒకదాని చోట ఒకటి మార్చి చూడటంలో ఉందని పసిగట్టాడు. అక్కడి నుంచి దారి అందుకున్నవాడు గాల్వా. మొదట తనకు ఐదో ఘాతానికి సూత్రం దొరికిందనుకున్నాడు, తర్వాత అందులోని తప్పును తానే పట్టుకున్నాడు.

ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో లెక్కలంటే ఎకోల్ పాలిటెక్నిక్. విప్లవ కాలంలో, 1794లో పెట్టిన కాలేజీ. పెద్ద పెద్ద గణితవేత్తలు పాఠాలు చెప్పిన చోటు, రిపబ్లికన్ భావాలున్న కుర్రాళ్లకు పుట్టిల్లు. గాల్వాకు కావలసినవి రెండూ అక్కడే ఉన్నాయి. 1828లో, అందరికంటే ఒక ఏడాది ముందే, ప్రవేశ పరీక్షకు వెళ్లాడు. ఆ పరీక్ష కోసమే నడిపే ప్రత్యేక గణితం క్లాసులో అప్పటికి కూర్చోలేదు. తప్పాడు. ఇందులో అన్యాయం ఏమీ లేదని నా అభిప్రాయం. లెగ్రాంజ్ పత్రాలు చదివినంత మాత్రాన ఎగ్జామినర్ అడిగే మామూలు లెక్కలు వాటంతట అవి రావు. అవి రోజూ చేయాల్సిందే. ఇరవై సూక్ష్మీకరణలు, ఇరవై కారణాంకాలు.

ఆ అక్టోబరులో ప్రత్యేక గణితం క్లాసులో చేరాడు. అక్కడ లూయీ రిషార్ అనే మాస్టారు దొరికాడు. ఈ జీవితకథలో నాకు అందరికంటే దగ్గరగా అనిపించే మనిషి ఆయనే. సొంతంగా పుస్తకాలేవీ రాయలేదు. కానీ ఎదురుగా కూర్చున్న పదిహేడేళ్ల కుర్రాడు ఎలాంటివాడో మొదటి నెలల్లోనే గుర్తించాడు. ఇతన్ని పరీక్ష లేకుండానే పాలిటెక్నిక్‌లో చేర్చుకోవాలని బాహాటంగా చెప్పాడు. గాల్వా చేసిన క్లాసు లెక్కల కాగితాలను పారేయకుండా దాచాడు. గాల్వా మొదటి పరిశోధన వ్యాసం, గొలుసులా సాగే భిన్నాల గురించి, 1829 ఏప్రిల్‌లో ఒక గణిత పత్రికలో వచ్చింది. మే నెలాఖరులోనూ జూన్ మొదట్లోనూ సమీకరణాల మీద రాసిన పత్రాలు ఫ్రెంచి అకాడమీకి చేరాయి. వాటిని పరిశీలించే పని కోషీకి అప్పగించారు.

తర్వాత జూలై వచ్చింది. బూర్-లా-రెన్‌లో కొత్తగా వచ్చిన మతాధికారికి మేయరు రాజకీయాలు నచ్చలేదు. మేయరు పద్యాలు కడతాడని ఊరందరికీ తెలుసు కదా, ఆయన పేరు మీద బంధువులను కించపరిచే పద్యాలు పుట్టించి ఊళ్లో తిప్పారు. ఆ అవమానం తట్టుకోలేక 1829 జూలై 2న పారిస్‌లో, కొడుకు చదివే బడికి దగ్గర్లోనే ఒక గదిలో, తండ్రి ప్రాణం తీసుకున్నాడు. శవం ఊరికి వచ్చినప్పుడు జనం ఆగ్రహంతో ఆ మతాధికారి మీదికి వెళ్లారు. సమాధి దగ్గరే గొడవ. పదిహేడేళ్ల పెద్దకొడుకు అదంతా చూస్తూ నిలబడ్డాడు.

పాలిటెక్నిక్ రెండో పరీక్ష ఆ వేసవిలోనే, ఈ దుఃఖం పచ్చిగా ఉండగానే జరిగింది. రెండుసార్లకు మించి అవకాశం లేదు. పరీక్ష అంటే మనం రాసినట్టు పేపరు మీద గళ్లు నింపడం కాదు. బోర్డు ముందు నిలబడి, ఎగ్జామినర్ అడుగుతుంటే, ప్రతి మెట్టూ రాస్తూ, వివరిస్తూ పోవాలి. మనసులో పది మెట్లు ఒక్కసారే దాటేసే అలవాటున్నవాడికి అంతకంటే నరకం లేదు. మాస్టారు చెప్పిన డస్టర్ ఇక్కడే వస్తుంది. లాగరిథమ్‌ల మీద ప్రశ్న అడిగారని, అది తన స్థాయికి తక్కువని గాల్వా వివరించడానికి ఒప్పుకోలేదని, ఎగ్జామినర్ రెట్టిస్తే బోర్డు తుడిచే గుడ్డ విసిరాడని చెబుతారు. చాలా ఏళ్ల తర్వాత నోటి మాటగా బయటికొచ్చిన కథ ఇది. ఎరిక్ టెంపుల్ బెల్ 1937లో అచ్చేసిన గణితవేత్తల జీవితాల పుస్తకం దాన్ని ప్రపంచమంతా తిప్పింది. మన మాస్టారి చేతికీ అలాగే చేరి ఉంటుంది. ఆ గదిలో ఉన్నవాళ్లెవరూ అలా జరిగిందని రాసిపెట్టలేదు. తండ్రిని మట్టిలో పెట్టి వచ్చిన కుర్రాడు బోర్డు ముందు నిలబడ్డాడన్నది మాత్రం నిజం. గుడ్డ విసరకపోయినా ఆ పరీక్ష తప్పడానికి అదొక్కటి చాలు.

చివరికి ఉపాధ్యాయులను తయారుచేసే ఎకోల్ నార్మాల్‌లో చేరాడు. అక్కడి ప్రవేశ పరీక్షలో లెక్కల ఎగ్జామినర్ ఇతని మాటలు ఒక్కోసారి అర్థం కాకపోయినా అసాధారణమైన తెలివి ఉందని రాశాడు. భౌతికశాస్త్రం ఎగ్జామినర్ మాత్రం ఇతనికి ఏమీ రాదని తేల్చాడు. ఒకే కుర్రాడు, ఒకే పరీక్ష.

అకాడమీతోనూ కలిసిరాలేదు. 1830 జనవరిలో కోషీ ఇతని పత్రం గురించి సభలో చెప్పాల్సి ఉండగా ఒంట్లో బాగాలేక వెళ్లలేదు, తర్వాత ఆ ఊసెత్తలేదు. ఫిబ్రవరిలో అకాడమీ పెద్ద బహుమతి కోసం మరో పత్రం పంపాడు. దాన్ని ఇంటికి తీసుకెళ్లిన ఫోరియర్ మే నెలలో చనిపోయాడు, ఆ కాగితాలు మళ్లీ కనిపించలేదు. బహుమతి జాకోబీకీ, అప్పటికే కన్నుమూసిన ఏబెల్‌కూ ఇచ్చారు. ఐదో ఘాతానికి సాధారణ సూత్రం ఉండదని 1824లోనే నిరూపించిన నార్వే కుర్రాడు ఏబెల్ కాబట్టి ఆ ఎంపికను తప్పుపట్టలేం. మూడోసారి, 1831 జనవరిలో, పత్రం తిరిగి రాసి పంపాడు. ఇంటర్లో మనల్ని ఇబ్బంది పెట్టిన పాయిజాన్ విభాజనం గుర్తుందా? ఆ పాయిజానే దాన్ని పరిశీలించాడు. వాదన స్పష్టంగా లేదు, చాలినంత వివరంగా లేదు, రచయిత తన పని మొత్తం ప్రచురిస్తే అప్పుడు చూద్దామని జూలైలో నివేదిక ఇచ్చాడు. చాలామంది ఇక్కడ పాయిజాన్‌ను తిడతారు. నేను తిట్టలేను. ఆ పత్రంలో మెట్లు నిజంగానే ఎగిరిపోయి ఉన్నాయి.

ఈలోగా గాల్వా రాజకీయాల్లో మునిగిపోయాడు. 1830 జూలై విప్లవంలో పాలిటెక్నిక్ కుర్రాళ్లు వీధుల్లో పోరాడుతుంటే, ఎకోల్ నార్మాల్ డైరెక్టరు తన విద్యార్థులను లోపల పెట్టి తాళం వేశాడు. గాల్వా గోడ దూకబోయి దూకలేకపోయాడు. ఆ కోపంతో డైరెక్టరును ఎండగడుతూ పత్రికలో రాసినందుకు కాలేజీ నుంచి తీసేశారు. పొట్ట గడవాలి. 1831 జనవరిలో సోర్బాన్ దగ్గర ఒక పుస్తకాల షాపులో ఉన్నత బీజగణితం ట్యూషన్ పెట్టాడు. మొదటిరోజు నలభై మంది దాకా వచ్చారంటారు. ప్రవేశ పరీక్షలో తప్పినవాడు కోచింగ్ పెట్టడం మనకు కొత్తేమీ కాదు గానీ, ఇతను చెప్పిన పాఠం అప్పటికి ఏ సిలబస్‌లోనూ లేదు. ఎక్కువ రోజులు సాగలేదు.

మే నెలలో ఒక విందులో చేతిలో కత్తి పట్టుకుని రాజు పేరు ఎత్తినందుకు అరెస్టయ్యాడు, విడుదలయ్యాడు. జూలై 14న నిషేధించిన సైనిక దుస్తులు వేసుకుని ఊరేగింపులో వెళ్లి మళ్లీ దొరికాడు. ఈసారి ఆరు నెలల శిక్ష. పాయిజాన్ నివేదిక సంగతి జైల్లోనే తెలిసింది. పారిస్‌లో కలరా ప్రబలడంతో 1832 మార్చిలో జైలు నుంచి ఒక వైద్యాలయానికి మార్చారు. అక్కడ ఒక అమ్మాయిని ఇష్టపడ్డాడు, ఆ ఇష్టం భగ్నమైంది. మే 30 ఉదయం పిస్తోళ్ల ద్వంద్వ యుద్ధంలో పొట్టలో గుండు దిగింది. మర్నాడు ఆసుపత్రిలో తమ్ముడు ఆల్‌ఫ్రెడ్ పక్కనుండగా చనిపోయాడు. ఇరవై ఏళ్ల ఏడు నెలలు. మోపర్నాస్ శ్మశానంలో అందరినీ పూడ్చే గోతిలోనే పూడ్చారు.

చావుకు ముందు రాత్రి కూర్చుని తన సిద్ధాంతమంతా ఆ ఒక్క రాత్రిలో రాసేశాడని మరో కథ ఉంది. అదీ నిజం కాదు. అసలు పని అంతకు ముందే పూర్తయింది. ఆ రాత్రి చేసింది పాత కాగితాలు దిద్దడం, స్నేహితుడు ఒగుస్త్ షెవాలియేకు అన్నిటినీ క్లుప్తంగా చెబుతూ ఉత్తరం రాయడం. తమ్ముడూ స్నేహితుడూ కాగితాలను శుభ్రంగా తిరగరాసి పెద్దవాళ్లకు పంపారు. పదేళ్ల పైన ఎవరూ పలకలేదు. 1843లో లియువిల్ వాటిని చదివి, అందులో ఉన్నది సరైన నిరూపణేనని అకాడమీలో ప్రకటించి, 1846లో తన పత్రికలో అచ్చేశాడు. లియువిల్ పాలిటెక్నిక్‌లో చదివినవాడు.

ఇంతకీ ఆ కాగితాల్లో ఏముంది? ఎక్స్ స్క్వేర్ మైనస్ టూకు కారణాంకాలు ఉన్నాయా అని అడిగితే, పూర్ణాంకాలూ భిన్నాలూ మాత్రమే తెలిసినవాడు లేవంటాడు. వర్గమూలం రెండును రానిస్తే ఉన్నాయంటాడు. అంటే జవాబు బహుపదిని బట్టి ఒక్కటే కాదు, మనం ఏ సంఖ్యలను ఇంట్లోకి రానిచ్చామన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ సంఖ్యలను ఒక్కో మెట్టుగా రానిస్తూ పోతే, మూలాలను ఒకదాని చోట ఒకటి మార్చగల విధాలు మెట్టు మెట్టుకూ తగ్గుతూ వస్తాయి. నాలుగు మూలాలను మార్చే విధాలు 24. వాటిని 12కు, 12ను 4కు, 4ను 2కు, 2ను 1కి దించవచ్చు. ఒక్కో మెట్టుకు భాగహారం 2 గానీ 3 గానీ, అంటే ఒక వర్గమూలం గానీ ఘనమూలం గానీ. అందుకే నాలుగో ఘాతానికి సూత్రం ఉంది. ఐదు మూలాలకు 120 విధాలు. 60కి దిగుతాయి, అక్కడితో దారి మూసుకుపోతుంది. ఆ 60ని అలా విడగొట్టలేం. విధాల సముదాయానికి సమూహం అని పేరుపెట్టినవాడు గాల్వాయే.

1830లో అతను రాసిన ఇంకో చిన్న వ్యాసం మా వృత్తికి అన్నం పెట్టింది. లెక్కపెట్టగలిగినన్ని సంఖ్యలే ఉండే లోకాలను అందులో నిర్మించాడు. అన్నిటికంటే చిన్న లోకంలో సున్నా, ఒకటి రెండే ఉంటాయి, ఒకటీ ఒకటీ కలిపితే సున్నా. అక్కడ ఎక్స్ స్క్వేర్ ప్లస్ వన్ అంటే ఎక్స్ ప్లస్ వన్ హోల్ స్క్వేరే, మధ్య పదం రెండు ఎక్స్ కాబట్టి దానంతట అది మాయమైపోతుంది. మన క్లాసులో ఇలా రాస్తే సున్నా, ఇంటికి చీటీ. ఆ లోకంలో కారణాంకాలుగా విడిపోని ఎనిమిదో ఘాత బహుపది ఒకటి తీసుకుంటే 256 సంఖ్యల లోకం తయారవుతుంది. సీడీ మీద గీత పడినా పాట ఆగకపోవడం, టీ కొట్టులో నూనె మరక పడిన క్యూఆర్ కోడ్‌ను కూడా ఫోను చదవగలగడం ఆ 256 సంఖ్యల లెక్కే. బడిలో కారణాంకాలు ఉన్న బహుపదుల కోసం వెతికాం. ఉద్యోగంలో కారణాంకాలు లేనివాటి కోసం వెతికాను.

1895లో ఎకోల్ నార్మాల్ శతజయంతి పుస్తకం వేసింది, మనం ఇప్పుడు వేస్తున్నట్టే. గణితంపై గాల్వా ప్రభావం గురించిన వ్యాసం అందులో ఉంది, రాసినవాడు నార్వే గణితవేత్త సోఫస్ లీ. బయటికి గెంటిన విద్యార్థి గురించి ఆ కాలేజీ తన పండుగ పుస్తకంలోనే అచ్చేసుకుంది. 1909లో అతను పుట్టిన ఇంటికి ఫలకం పెట్టినప్పుడు ఆ కాలేజీ పెద్ద ఒకాయన క్షమాపణ కూడా చెప్పాడు.

రిషార్ మాస్టారు దాచిన కాగితాల సంగతి మిగిలింది. పదేళ్ల తర్వాత ఆయన క్లాసుకు మరో పిల్లవాడు వచ్చాడు. పేరు షార్ల్ హెర్మీట్. ఇతనికీ బడి పరీక్షలంటే చిరాకే, ఇతనూ లెగ్రాంజ్‌ను సొంతంగా చదువుకున్నవాడే. గాల్వా క్లాసు లెక్కల కాగితాలను రిషార్ ఇతని చేతిలో పెట్టాడు. హెర్మీట్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలో 68వ ర్యాంకుతో గట్టెక్కాడు, 1848లో అదే కాలేజీకి ప్రవేశ పరీక్షల ఎగ్జామినర్‌గా వెళ్లాడు.

మన లెక్కల మాస్టారు పోయి చాలా ఏళ్లయింది. ఉద్యోగంలో చేరాక ఒక్కసారి కలిశాను. తాను స్టెప్పులు రాయించిన సంగతి మర్చిపోయారు గానీ, డస్టర్ కథ మాత్రం అంతే హుషారుగా మళ్లీ చెప్పారు. అప్పటికే అసలు కథ నాకు తెలుసు. అయినా ఆయన చేయి విసిరి చూపిస్తుంటే నేను అడ్డం పడలేదు.